ఎవరూ నేయని జానెడు బట్ట

మా మనవరాలు కాలేజీలో ఇంగ్లీషు చదువుతుంది. ఒక మధ్యాహ్నం ఫోనులోంచి తల ఎత్తి, "బాపమ్మా, గీ నవలల భయపడేది ఏమున్నదో నాకైతె సమజైతలేదు" అంది. నేను చేట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. ఆ మాట అన్ననాటి నుంచి ఆ నవల అయిపోయేనాటికి మధ్యలో మా పనిచోట ఒకటి జరిగింది. దాన్ని ఇప్పటిదాకా ముక్కలు ముక్కలుగా చెప్పాను గాని మొత్తం ఎవరికీ చెప్పలేదు. మీరంతా మగ్గం చప్పుడు వినకుండా పెరుగుతున్న పిల్లలు. కాబట్టి మధ్యమధ్యలో పని సంగతి కొంచెం చెబుతాను, విసుక్కోకండి.

సూరత్‌లో మగ్గాల షెడ్డును ఖాతా అంటారు. మా ఖాతా కతర్‌గామ్‌లో ఒక సందు చివర ఉండేది. కింద మగ్గాలు, మిద్దె మీద వజ్రాలు సానపట్టే గది. పైనున్నవాళ్ళు మా చప్పుడును తిట్టుకునేవాళ్ళు, మేము వాళ్ళ ఫ్యాన్లను చూసి కుళ్ళుకునేవాళ్ళం.

నాది పోగులు అతికే పని. నిలువుపోగులు చుట్టి ఉండే పెద్ద ఇనుప కడ్డీని బీమ్ అంటారు, దాని మీది నూలు అయిపోవచ్చినప్పుడు పాత పోగుల కొసలను మగ్గంలోనే ఉంచేస్తారు. కొత్త బీమ్ వెనకాల ఎక్కించాక, ఒక్కొక్క కొత్త పోగును ఒక్కొక్క పాత కొసకు అతకాలి. వేళ్ళకు బూడిద అద్దుకుని రెండు కొసలను కలిపి మెలిపెడితే అతుక్కుంటుంది. అన్నీ అయ్యాక ముందునుంచి మెల్లగా లాగితే, పాత పోగు కొత్తదాన్ని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చినట్టు తెస్తుంది. అందుకే మావాళ్ళు మగ్గానికి పుట్టుకే గాని చావు లేదంటారు.

ఒక్కటే పట్టింపు. నేసే మనిషి పోతే ఆయన పోగుకు కొత్త పోగు కట్టకూడదు. ఆ పాతవన్నీ కోసిపారేసి, కొత్తవి మొదటి నుంచి ఎక్కించుకోవాలి. ఎంత చాకిరీ అయినా సరే. కడితే పోయినవాడు కూడా పోగు వెంట వస్తాడని మా పెద్దవాళ్ళ మాట.

అతికే పని ఒక్కరితో అయ్యేది కాదు. మగ్గానికి వెనకాల ఒకరు కూర్చుని అతుకుతుంటే, ఎదురుగా కూర్చున్నవాళ్ళు పోగు అందిస్తారు. నా జోడీ నాకంటే చిన్నది. చెల్లె అని పిలిచేదాన్ని. మాలాగే బతుకుదెరువుకు వచ్చిన తెలుగువాళ్ళు; ఊరు వేరైనా మాదీ వాళ్ళదీ ఒకటే కులం, ఒకటే నేత. ఆమె భర్త అదే ఖాతాలో గోడవారన ఉన్న చివరి మగ్గం నడిపేవాడు. పిల్లలు లేరు. ఇద్దరూ ఒకే టిఫిన్ డబ్బాలో తినేవాళ్ళు.

మగ్గాలు నడుస్తుంటే నోటిమాట వినపడదు. అందరికీ సైగలే. బొటనవేలు నోటికి చూపితే మంచినీళ్ళు. చెవి పట్టుకుంటే మాస్టరు వస్తున్నాడని. మాస్టరు అంటే మగ్గాలు బాగుచేస్తూ మా మీద అజమాయిషీ చేసేవాడు. నూలు చుట్టిన కండె అయిపోతే, ఖాళీ కండెను పైకెత్తి చూపాలి. ఎవరు కండెల డబ్బా దగ్గర ఉంటే వాళ్ళు నిండు కండె తెచ్చి ఇస్తారు. అలాంటిచోట ఏళ్ళు గడిపితే మనుషులు పెదవులు చూసి మాట్లాడటం నేర్చుకుంటారు. ఇంటికొచ్చినా గట్టిగా మాట్లాడతారు. మా మనవరాలు నన్ను ఎప్పుడూ దెప్పేది ఇందుకే.

కరోనాకు అంతా బంద్ పడిన ముందురోజు, పట్టపగలు, చెల్లె భర్త తన మగ్గం ముందు కుప్పకూలాడు. నేసేవాళ్ళు ఎవరి మగ్గం వాళ్ళు ఆపి పరిగెత్తారు. మగ్గం వదిలేముందు హ్యాండిల్ వెనక్కి లాగి ఆపడం మావాళ్ళకు ఊపిరి తీసుకున్నట్టు అలవాటు. మాస్టరు పోయి కరెంటు మెయిన్ కూడా తీసేశాడు. అప్పుడు వచ్చింది నిశ్శబ్దం. పండక్కి సెలవు ఇచ్చినప్పుడు తప్ప ఆ ఖాతాలో నేను నిశ్శబ్దం వినలేదు. మీద పడినట్టు ఉండింది. అందరం ఒక మనిషి చుట్టూ నిలబడి, ఆ నిశ్శబ్దంలో ఏం మాట్లాడాలో తెలియక ఇంకా సైగలే చేసుకుంటున్నాం.

దవాఖానాకు పోయేలోపే పోయాడు. మర్నాటి నుంచి సందులకు కర్రలు అడ్డం కట్టారు. తాపీ నది ఒడ్డున నలుగురైదుగురు నిలబడి ఆయన్ను సాగనంపారు. ఊరి నుంచి ఒక్క చుట్టం రాలేకపోయాడు. ఖాతాకు తాళం పడింది.

ఆ బంద్‌లో మా మనవరాలికి చదువంతా ఫోనులోనే. వాళ్ళ మేడమ్ ఒక పాత ఇంగ్లీషు నవల చదవమని, చదివాక గైడు మాటలు కాదు, మీకు ఏమనిపించిందో మీ నోటితో చెప్పాలని అంది. అమ్రోలిలో మా ఇల్లు ఒకటే గది. ఆమె చదివి నాకు చెప్పకుండా ఉండేందుకు చోటు లేదు.

కథ ఇది. ఒక బీదింటి పిల్ల. కుట్టుపని చేసుకుని బతుకుతుంది. సముద్రం పక్కన ఒక రాతి బంగళాలో పాత తెరలు బాగుచేయడానికి కుదురుతుంది. ఆ బంగళాలో సగం భాగానికి తాళం. పొద్దుగూకే వేళకు ఆ తాళం పడిన వైపు కిటికీలో రోజూ ఒక దీపం వెలుగుతుంది. ఇంటి దొర, వంటామె, తోటమాలి, అందరూ ఆ దీపాన్ని చూస్తారు. చూసి తల దించుకుంటారు.

మొదట్లో మనవరాలు నవ్వింది. "గింత పెద్ద ఇల్లు. మన గల్లీల అయితె ఒక్కొక్క రూముల ఒక్కొక్క ఖాన్‌దాన్ కిరాయికి ఉంటుండె. దయ్యానికి జాగనే దొరకకపోవు."

నాలుగు రోజులకు నవ్వు తగ్గింది. మా వరండా చివర ఉన్న బాత్రూముకు పోవాలంటే "బాపమ్మా, జర నువ్వు గీడ నిలబడు" అని నన్ను తోడు తీసుకెళ్ళేది. నిలబడి ఉంటే లోపలి నుంచి, "ఉన్నవా" అనేది. "ఉన్ననే. దీపం పెట్టమంటవా" అనేదాన్ని నేను. లోపలి నుంచి నీళ్ళ మగ్గుతో తలుపు మీద కొట్టిన చప్పుడు వచ్చేది.

బంద్ సడలించాక ఒక పొద్దున మా యజమాని సేఠ్ ఖాతా తెరిచాడు. నేను పోయేసరికి చెల్లె అప్పటికే లోపల ఉంది. అందరికంటే ముందు వచ్చి వాచ్‌మన్ చేత తీయించుకుని, కొంగుతో చివరి మగ్గం తుడుస్తోంది. మనిషి సగమైంది. తాపీ తేమకు ఇనుమంతా తుప్పు. పోగుల మీద దుమ్ము పేరుకుని, తెల్లటి నూలు బూడిదరంగుకు తిరిగింది. పావురాలు గూళ్ళు పెట్టుకున్నాయి. మాట్లాడితే మన గొంతు మనకే ఎదురొచ్చింది.

సేఠ్ అగరొత్తి ముట్టించి కొబ్బరికాయ కొట్టాడు. మాస్టరు మెయిన్ వేశాడు. ట్యూబ్‌లైట్లు మిణుకుమిణుకుమని వెలిగాయి. వాటితోపాటు, గోడవారన చివరి మగ్గం తనంతట తాను నడవడం మొదలుపెట్టింది.

మిగతా మగ్గాలన్నీ ఊరకే నిలబడి ఉన్నాయి. అదొక్కటే ఖటక్ ఖటక్ మంటూ నేస్తోంది. కండెను కడుపులో పెట్టుకుని నాడె ఇటునుంచి అటు, అటునుంచి ఇటు ఉరుకుతోంది. ముందు మనిషి లేడు. పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. మనుషులు గేటు మీద పడ్డారు. నేనూ సందులోకి వచ్చిపడ్డాను. ఒక పడుచువాడి లుంగీ గేటు గొళ్ళేనికి చిక్కుకుంటే లుంగీని అక్కడే వదిలి నిక్కరు మీద ఉరికాడు. మేమంతా ఎండలో నిలబడి, లోపల పోయిన మనిషి మగ్గం నడుస్తుంటే వింటున్నాం. ఆయన చెయ్యి తెలిసినవాళ్ళం. ప్రతి మగ్గానికి ఒక చప్పుడు ఉంటుంది. అది ఆయనదే.

కాసేపటికి పోగు తెగినట్టుంది, ఆగింది. తొంగి చూస్తే చెల్లె ఉన్నచోటనే ఉంది. ఆమె ఒక్కతే పరిగెత్తలేదు. మగ్గం మీద, దుమ్ముపట్టిన పాత బట్టకు ఆనుకుని, జానెడు బట్ట కొత్తగా నేసి ఉంది. దాని అడ్డపోగు మెరుస్తున్న తెలుపు.

ఆ రోజు నుంచి మాట పుట్టింది. ఆయన పోలేదట. పెళ్ళాం కోసం చూస్తున్నాడట. ఆమె పరిగెత్తలేదంటే ఆమె మీదనే ఉన్నాడట. నేసేవాళ్ళు సేఠ్‌కు తెగేసి చెప్పారు, ఆమె లోపలికొస్తే మేము రామని. సేఠ్ నన్ను పక్కకు పిలిచి చేతులు తిప్పాడు. "బెన్, మై క్యా కరూఁ, కారీగర్ నహీ మాన్‌తే. తుమ్ దూస్రీ జోడీ దేఖ్ లో." పనివాళ్ళు ఒప్పుకోవడం లేదు, నువ్వు వేరే జోడీని చూసుకో అని. ఆ మగ్గాన్ని పాత ఇనుముకు ఇచ్చేస్తానని కూడా అన్నాడు.

చెల్లెకు ఊళ్ళో మిగిలింది బావ ఇంటి అరుగు. అక్కడికి పోతే కూర్చోమంటారు గాని ఉండమనరు. ఆమెకు ఉన్నది వేళ్ళల్లో ఉన్న ఆ పని ఒక్కటే. దయ్యం పట్టిన మనిషని పేరు పడితే కతర్‌గామ్‌లోనే కాదు, ఏ ఖాతాలోనూ ఆమెను గడప దాటనివ్వరు. ఖాతా బయట మెట్టు మీద టిఫిన్ ఒళ్ళో పెట్టుకుని మూడు పూటలు కూర్చుంది. లోపలికి రాలేదు, ఇంటికి పోలేదు. నేను ఒక్కదాన్నే లోపల కూర్చుని పోగులు చిక్కు తీస్తూ, ఎదురుగా ఖాళీ పీట చూసుకున్నాను.

ఇంటికి వస్తే మనవరాలు కోపంగా ఉంది. నవల మీద.

"బాపమ్మా, నాకు గా దీపం తోటి భయమైతలేదిప్పుడు. గా ఇంట్ల మనుషుల తోటి అయితున్నది. రోజు దీపం చూస్తరు. ఎవలు వెలిగిస్తున్నరని ఒక్కలంటె ఒక్కలు అడగరు. అడగకుంట అడగకుంట గా ఇల్లే బొందలగడ్డ చేసిన్రు. గిదే చెప్త మేడమ్‌కు."

"అడిగితె ఏం జవాబు వస్తదో అని భయం కావచ్చు బిడ్డా."

"మరి మీ ఖాతాల అడిగిన్రా ఎవలన్న?"

దయ్యమని అందరూ అన్నారు, నేనూ మనసులో అనుకున్నాను. మగ్గం ఎట్లా నడిచిందని నోరు తెరిచి అడిగినవాడు ఒక్కడూ లేడు.

మర్నాడు పొద్దున మెయిన్ వేయకముందే పోయి, నేసేవాళ్ళందరూ చాయ్ తాగుతున్నచోట నిలబడ్డాను.

"ఆయన పడిననాడు మీరందరు ఉరికినప్పుడు హ్యాండిళ్ళు తీసిన్రా?" అన్నాను.

"తియ్యకుంట ఎట్ల ఉరుకుతం అక్కా" అన్నాడు ఒకాయన. "మన మగ్గాలు కదలలే గద మొన్న."

"ఆయన మగ్గం హ్యాండిల్ ఎవలు తీసిన్రు?"

గ్లాసులు నోటిదాకా పోయి ఆగాయి. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరి మగ్గం వారు ఆపుకున్నారు. కిందపడ్డ మనిషి మగ్గాన్ని ఎవరూ తలుచుకోలేదు. మగ్గం నడుస్తుండగా కరెంటు పోయి, హ్యాండిల్ అట్లాగే ముందుకు ఉండిపోతే, కరెంటు వచ్చినప్పుడు మగ్గం దానంతట అదే నడుస్తుంది. ఇది ఖాతాలో పనిచేసే ప్రతివాడికి తెలుసు. కొత్తగా వచ్చిన పిల్లల్ని జడిపించడానికి వాళ్ళే చేసే చిలిపిపని కూడా. అందుకే మెయిన్ వేసేముందు మాస్టరు వరసవరసా తిరిగి హ్యాండిళ్ళు చూడాలని కట్టుబాటు.

మాస్టరు వైపు తిరిగాను. "తమ్మీ, మొన్న అన్ని చూసినవా?"

"చూసిన."

"చివరిది?"

ఆయన చాయ్ గ్లాసును గోడమీద పెట్టాడు. "లే అక్కా. దాని దగ్గరికి పోలే. కాళ్ళు రాలే నాకు" అన్నాడు. "ఎన్కకెళ్ళి చూస్తె ఆయన నిలబడ్డట్టే అనిపిచ్చింది. చూసిన అని చెప్పిన సేఠ్‌కు."

ఆ తరువాత ఒక పెద్దాయన లుంగీ వదిలిన పడుచువాడి వైపు చూసి, "హ్యాండిల్‌కు జడిసి బట్టలు ఇడిచినోన్ని నేసెటోడు అనొచ్చునారా" అన్నాడు. నవ్వులు లేచాయి. ఆ నవ్వుతో ఖాతా తేలికైంది. మాస్టరే బయటికి పోయి మెట్టు మీద కూర్చున్న చెల్లెను, "రా వదినే, లోపటికి రా" అని పిలుచుకొచ్చాడు.

పని దొరికింది గాని చివరి మగ్గం సంగతి మిగిలింది. బీమ్ మార్చాలి. పాత పోగులు కోసెయ్యమని అందరూ అన్నారు. దయ్యం లేదని తేలినా పట్టింపు పట్టింపే కదా. చెల్లె చేతికి బూడిద అద్దుకుని మగ్గం వెనకాల కూర్చుంది.

"కొయ్యొద్దు. నేను అతుకుత."

"వద్దమ్మా" అన్నాడు ఆ పెద్దాయన. "వెంట వస్తడు."

"వస్తె రానియ్యిరి. నా మనిషే గద."

నేను ఎదురుగా కూర్చున్నాను. పాత పోగులు దుమ్ముకు గరుకెక్కాయి. నేను అందిస్తున్నాను, ఆమె అతుకుతోంది. ఆ రోజు కరెంటు లేదు, ఖాతా అంతా నిమ్మళంగా ఉంది. అందుకే ఆమె అంత మెల్లగా చెప్పినా నాకు వినిపించింది. తల ఎత్తలేదు.

"అక్కా, ఆ దినం ఆయన నాకు ఖాళీ కండె చూపిచ్చిండు."

నా చేతిలో పోగు ఆగింది.

"నాడెల నుంచి తీసి గిట్ల పైకి పట్టిండు. డబ్బా నా పక్కనే ఉండె. నేను అతుకు మధ్యల ఉన్న. ఆగు అని సైగ చేసిన. గది అయినంక చూస్తె ఆయన కింద ఉన్నడు."

అంతే చెప్పింది. తరువాతి పోగు కోసం చెయ్యి చాచింది.

పిల్లలూ, ఇక్కడ మీకు పని సంగతి ఒక్కటి చెప్పాలి. కండె అయిపోతే మగ్గం తనంతట తాను ఆగుతుంది. హ్యాండిల్ దానికదే వెనక్కి పడుతుంది. నేసేవాడు నిండు కండె వేసి, హ్యాండిల్‌ను చేత్తో ముందుకు తోస్తేనే మళ్ళీ నడుస్తుంది. ఆయన ఖాళీ కండె చేతపట్టుకుని పడిపోయాడంటే, ఆ మగ్గం అప్పటికే ఆగి ఉంది. హ్యాండిల్ వెనక్కే ఉంది. నాడెలో నూలు లేదు. చాయ్ దగ్గర నిలబడి నేను అందరిచేతా ఒప్పించిన మాట అక్కడితో కూలింది. నూలు లేని నాడె జానెడు బట్ట నేయదు. అదీ మెరిసే తెలుపు. ఆ నెలలన్నీ మగ్గంలో దుమ్ము తాగిన నూలు అట్లా ఉండదు. మూత ఉన్న డబ్బాలోంచి తీసిన కండె అయితేనే అట్లా ఉంటుంది.

ఎవరో ఆ మగ్గానికి నిండు కండె ఇచ్చారు. ఎవరో హ్యాండిల్ ముందుకు తోశారు.

ఖాతా తెరిచిన పొద్దున అందరికంటే ముందు వచ్చింది చెల్లె. ఆ మగ్గం దగ్గర ఉన్నది చెల్లె. పరిగెత్తనిది చెల్లె. ఆయన అడిగిన కండె, ఆలస్యంగానైనా, ఆమే తెచ్చి ఇచ్చి ఉండవచ్చు. లేదా ఆమె కూడా మాలాగే ఆ మగ్గం నడవడం చూసి, భయం బదులు ఇంకేదో కలిగి, అక్కడే నిలబడిపోయి ఉండవచ్చు. రెండింటిలో ఏదో నాకు తెలియదు. అడిగితే ఆమె చెప్పేది. మనిషికి ఎదురుగా కూర్చుని ఉన్నాను, చప్పుడు లేదు, ఒక్కమాట చాలు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె వేళ్ళు చూశాను. బూడిద అంటిన ఆ వేళ్ళు పాత కొసను కొత్త కొసను పక్కపక్కన పెట్టి, మెలి తిప్పుతున్నాయి. నేను తరువాతి పోగు అందించాను.

అతకడం అయ్యాక ముందునుంచి లాగాం. ఒక్క పోగు తెగలేదు. ఇన్నేళ్ళ పనిలో అట్లా నేను చూడలేదు. జానెడు బట్టను మాస్టరు కోసి ఆమె చేతికిచ్చాడు. ఆమె దాన్ని టిఫిన్ డబ్బాకు చుట్టుకునేది. ఆ మగ్గం మరొకాయన చేతికి వచ్చింది, బాగానే నడిచింది. ఆయన మాత్రం ఒకటి అనేవాడు. కండె అయిపోయి వెనక్కి తిరిగేసరికి, ఒక్కోసారి నిండు కండె పక్కన పెట్టి ఉంటుందట. చెల్లె పెట్టిందేమో అనుకునేవాడు. చెల్లె ఒక్కోసారి ఆ రోజు పనికే వచ్చి ఉండేది కాదు.

ఆ వారమే మనవరాలు నవల ముగించింది. ఫోను మంచం మీదికి విసిరి, "మోసం బాపమ్మా. దీపం ఎవలు వెలిగిచ్చిన్రో ఆఖరుదాక చెప్పలే రాసినామె" అంది.

"ఆ కుట్టుపని పిల్లకన్న తెలుస్తదా?"

"తెలిసినట్టే ఉంటది. గా గది తలుపు దాక పోతది. లోపట మనిషి కదిలిన సప్పుడు ఇంటది. తలుపు కొట్టకుంట వాపసు వస్తది. ఏమన్న అర్థం ఉన్నదా? గంత దూరం పోయి."

చేటలో బియ్యం చెరిగి మళ్ళీ కూర్చున్నాను. రాసినామె ఎవరో, ఏ దేశమో, నాకు ఆమె పేరు కూడా నోరు తిరగదు. ఆమె మాత్రం నాకు ఆ క్షణాన బాగా తెలిసిన మనిషిలా అనిపించింది.

"మేడమ్‌కు గదే చెప్త" అంది మనవరాలు. "అడిగేటోళ్ళు ఉంటె గా ఇల్లు బాగుపడుతుండె అని. మా బాపమ్మ అయితె ఒక్కలను ఇడువకుంట అడిగింది అని కూడ చెప్త. అడిగినవ్ గద బాపమ్మా అందర్ని?"

"అడిగిన బిడ్డా, అందర్ని అడిగిన" అని, చేటను వెలుగువైపు తిప్పుకున్నాను.